30 నిమిషాల వెనక 35 నిమిషాలు: బడుల్లో పనిచేసే స్పీచ్, హియరింగ్ నిపుణుల జీతాల కేసు

16 ఏళ్లుగా బడుల్లో స్పీచ్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. చివరి మూడేళ్లలో పిల్లలతో చేసే పనికి తోడు ఇంకో పని కూడా నెత్తికెత్తుకున్నాను. మా జీతాలు ఏ లెక్కన నిర్ణయిస్తున్నారో తేల్చి, ఆ లెక్కను మార్పించడం ఆ పని. ఆ కేసు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. బడుల పేర్లు, మనుషుల పేర్లు రాయను. జీతాలు కూడా డబ్బుల్లో చెప్పను. మా బడుల్లో పీజీ చేసిన సబ్జెక్టు టీచరు చేరినప్పటి జీతాన్ని 100 అనుకుని, మిగతావాళ్ల జీతాలు ఆ లెక్కలో చెబుతాను. అలాగైతే ఎవరు ఎక్కడున్నా తమ పరిస్థితితో పోల్చుకోవచ్చు.

ముందున్న పరిస్థితి

ఒకే యాజమాన్యం కింద ఆరు బడులు. వాటన్నిటికీ కలిపి ఐదుగురు స్పీచ్ థెరపిస్టులం, ఒక ఆడియాలజిస్ట్, అంటే వినికిడి పరీక్షలు, చెవి పరికరాలు చూసే నిపుణురాలు. థెరపీ జాబితాలో 290 మంది పిల్లలు, అంటే మనిషికి 58 మంది. ఇది కాక కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ వినికిడి స్క్రీనింగ్ చేయాలి.

అందరం ఈ వృత్తిలో డిగ్రీ చేసి, క్లినిక్‌లో ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినవాళ్లమే. నలుగురం పీజీ కూడా చేశాం. లైసెన్సు లేకుండా ఈ పని చేయకూడదు, దాన్ని గడువుకి ముందే రెన్యువల్ చేసుకుంటూ ఉండాలి. మా జీతం మాత్రం 71. బడి సైకాలజిస్ట్ జీతం 108. మమ్మల్ని పెట్టింది ల్యాబ్ సహాయకులతో కలిపి 'సహాయక సిబ్బంది' అనే జాబితాలో. ల్యాబ్ సహాయకుల పని చిన్నదని నేను అనడం లేదు. మా పనికీ ఆ జాబితాకీ సంబంధం ఏమిటని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

కారణం వెతికితే పాత ఫైల్లో దొరికింది. చాలా ఏళ్ల కిందట మొదటి థెరపిస్ట్ వారానికి ఒక్కరోజు, నత్తి ఉన్న కొద్దిమంది పిల్లల కోసం వచ్చేవారట. అప్పుడు ఏ స్కేలులో ఖాళీ ఉంటే దాంట్లో పెట్టారు. తర్వాత పని పదింతలు పెరిగింది. ఉచ్చారణ దోషాలతో పాటు భాష ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, బొమ్మల బోర్డుతోనో ట్యాబ్‌తోనో మాట్లాడేవాళ్లు, తిండి మింగడం కష్టమైనవాళ్లు వచ్చారు. స్కేలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు, ఎవరూ మళ్లీ తిరిగి చూడలేదంతే. నేను చూసినంతలో ఈ వృత్తిలో జీతాలు తక్కువ ఉండటానికి ఇలాంటి పాత కాగితాలే పెద్ద కారణం.

మాలో ఇద్దరి పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్లకి నెల జీతం లేదు, సెషన్‌కి ఇంత అని ఇచ్చేవారు. పిల్లకి జ్వరం వచ్చి బడికి రాకపోతే ఆ అరగంట డబ్బు రాదు. వార్షికోత్సవానికి రిహార్సల్స్ పెట్టి పిల్లల్ని పంపకపోతే ఆ వారం సగం జీతం పోయినట్టే.

ఆడియాలజిస్ట్ వెళ్లిపోయాక

విద్యా సంవత్సరం మధ్యలో మా ఆడియాలజిస్ట్ రాజీనామా చేసి ఒక ఆసుపత్రిలో చేరింది. ఆమెని తప్పుపట్టలేను. అదే చదువుకి, అదే అనుభవానికి అక్కడ ఇచ్చేది మా లెక్కలో 115. ఇక్కడ 71.

మా బడుల్లో రెండో తరగతి పాప ఒకతి ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్‌తో, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చిన వినికిడి పరికరంతో వింటుంది. ఆడియాలజిస్ట్ ఉన్నన్నాళ్లూ రోజూ ఉదయం ఆ పాపకి ఆరు శబ్దాల పరీక్ష జరిగేది. నోరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ అంటాం, పాప విన్నది తిరిగి అనాలి. మాటలో ఉండే సన్నని, బొంగురు శబ్దాలన్నీ ఈ ఆరింటి పరిధిలోకి వస్తాయి కాబట్టి, రెండు నిమిషాల్లో పరికరం సరిగ్గా ఉందో లేదో తెలిసిపోతుంది. పరికరం మైకు, కాయిలు (తలకి అంటుకుని ఉండే చిన్న బిళ్ల), వైరు, బ్యాటరీ చూడటం కూడా అప్పుడే.

ఆమె వెళ్లాక ఆ పని ఎవరికీ అప్పగించలేదు. ఆ బడికి వెళ్లే మా థెరపిస్టుని ఆగిపోయిన స్క్రీనింగ్ పూర్తిచేయమని వేరే బడికి పంపారు, దాంతో పాప సెషన్లు వాయిదా పడ్డాయి. కాయిలు వైరు లోపల తెగీ తెగనట్టు ఉంది. తల ఇటు తిప్పితే శబ్దం వస్తుంది, అటు తిప్పితే పోతుంది. మూడు వారాలు అలాగే గడిచాయి. క్లాస్ టీచరు పాప డైరీలో 'ఈమధ్య ధ్యాస ఉండటం లేదు' అని రెండుసార్లు రాశారు. ఆవిడ తప్పు కాదు, అలా కనిపిస్తుంది మరి. చివరికి నేను వేరే పనిమీద ఆ బడికి వెళ్లినప్పుడు పాప నా వైపు ఓ పక్కకి తల వంచి చూడటం గమనించి పరీక్ష చేశాను. ఆరింటిలో రెండే తిరిగి అనగలిగింది. వైరు మారిస్తే సరిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాటలు నేర్చుకునే వయసులో మూడు వారాలు అంటే చాలా ఎక్కువ. ఇక ఈ జీతాల సంగతి తేల్చకుండా వదలకూడదని అప్పుడే అనుకున్నాను. అయితే ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ పాప సంగతిని మేం యాజమాన్యంతో చర్చల్లో ఎక్కడా వాడలేదు. కుటుంబం అనుమతి లేకుండా అది బయటపెట్టడం తప్పు. పైగా పిల్లల కష్టాన్ని జీతం బేరానికి పెట్టడం నాకు ఇష్టం లేదు. పేర్లేవీ లేకుండా ఇక్కడ రాయడానికి మాత్రం వాళ్ల అమ్మ ఒప్పుకున్నారు.

ఏడాది పోగొట్టిన ఉత్తరం

మొదట మేం చేసింది అందరూ చేసేదే. ఐదుగురం సంతకాలు పెట్టి, జీతం 30 శాతం పెంచమని ఉత్తరం ఇచ్చాం. మా చదువు, అనుభవం, పెరిగిన ఖర్చులు అన్నీ రాశాం. నెలన్నర తర్వాత జవాబు వచ్చింది. టీచర్లు రోజుకి ఆరు పీరియడ్లు, పీరియడ్‌కి 35 మందికి పాఠం చెబుతున్నారు, మీరు ఒకసారికి ఒకరినో ముగ్గురినో చూస్తున్నారు, కాబట్టి ఇప్పుడున్న జీతం సమంజసమే అని దాని సారాంశం. మామూలు ఇంక్రిమెంటు ఇచ్చి ఫైలు మూసేశారు.

కోపం వచ్చింది కానీ, చల్లబడ్డాక ఆ జవాబు మళ్లీ చదివితే అందులో మాకు పనికొచ్చే విషయం ఉంది. వాళ్లకి టైమ్‌టేబుల్లో కనిపించేది ఒక్కటే లెక్క. పాఠం చెప్పే పీరియడ్‌లాగే మా సెషన్‌ని చూస్తున్నారు. సెషన్‌కి ముందూ వెనకా ఏం జరుగుతుందో వాళ్లకి తెలియదు, మేం ఎప్పుడూ చెప్పలేదు కూడా. అలాగే 30 శాతం అన్నాం గానీ అంతే ఎందుకు, 20 ఎందుకు కాదు అని అడిగితే మా దగ్గరా జవాబు లేదు. దేంతో పోల్చి అడుగుతున్నామో చెప్పకుండా శాతం అడిగితే అది బేరంలాగే వినిపిస్తుంది.

డైరీ

రెండో ప్రయత్నం డైరీతో మొదలుపెట్టాం. పది పనిదినాలు, రోజుకి ఏడున్నర గంటలు, ప్రతి 15 నిమిషాలకీ ఏం చేశామో ఒక గడిలో రాయాలి. మనిషికి రోజుకి 30 గడులు, ఐదుగురికీ కలిపి 1,500.

దీనికి ఒప్పించడమే కష్టమైంది. మాలో అందరికంటే సీనియర్ అయిన మేడమ్ మొదట ససేమిరా అన్నారు.

"రేపు ఈ కాగితాలే పట్టుకుని, ఫలానా రోజు 15 నిమిషాలు ఖాళీగా కూర్చున్నావని అడుగుతారమ్మా. మనమే మన మెడకి తాడు అల్లి ఇస్తామా?"

ఆవిడ భయం న్యాయమైనదే. అందుకని ముందే ఒక ఒప్పందం రాసుకున్నాం. డైరీలు మా దగ్గరే ఉంటాయి, ఎవరి పేరుతోనూ లెక్క బయటికి వెళ్లదు, ఐదుగురి మొత్తం మాత్రమే ఇస్తాం. టీ తాగిన 15 నిమిషాలు కూడా దాచకుండా రాయాలి. ఈ చివరి షరతు నేనే పట్టుబట్టి పెట్టించాను. లెక్క మరీ నున్నగా ఉంటే ఎవరూ నమ్మరు.

మొత్తం కూడితే వచ్చింది ఇది. పిల్లలతో నేరుగా థెరపీ, పరీక్షలు 46 శాతం. రిపోర్టులు, లక్ష్యాలు రాసుకోవడం, పాఠ్యాంశానికి తగ్గట్టు సామాను తయారుచేయడం 21 శాతం. టీచర్లతో, తల్లిదండ్రులతో మాట్లాడటం 12. ఒక బడి నుంచి ఇంకో బడికి ప్రయాణం 9. చెవి మిషన్లు, ఇంప్లాంట్లు, మైకు సిస్టమ్‌లు చూసుకోవడం 8. మీటింగులు, విరామం కలిపి 4. ఇవి కాక ఇంటికి తీసుకెళ్లి చేసిన రాతపని మనిషికి వారానికి సగటున 4 గంటలు. దాన్ని విడిగా చూపించాం.

46కి 54 అంటే, ప్రతి 30 నిమిషాల సెషన్ వెనకా ఇంకో 35 నిమిషాల పని ఉంది. సెషన్ లెక్కన డబ్బు తీసుకునే ఇద్దరికీ తమ పనిలో సగానికి పైగా ఊరికే చేస్తున్నామని మొదటిసారి అంకెల్లో తెలిసింది. వాళ్లలో ఒకామె కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు.

ఈ పద్ధతి మేం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలోని స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం 'ఆషా' 1993లో, బడిలో ఒక థెరపిస్టుకి 40 మందికి మించి పిల్లలు ఉండకూడదని మార్గదర్శకం ఇచ్చింది. 2002లో అదే సంఘం ఆ ఆలోచన మార్చుకుంది. తలలు లెక్కపెట్టి లాభం లేదు, ఒక్కో పిల్ల వెనక ఎంత పని ఉందో లెక్కపెట్టాలి అని చెప్పింది. 'కేస్‌లోడ్' నుంచి 'వర్క్‌లోడ్'కి మారడం అంటే ఇదే. 'ర' పలకని పిల్లాడూ, మాటే లేక ట్యాబ్‌తో మాట్లాడే పిల్లాడూ జాబితాలో ఒక్కొక్కరే. రెండో పిల్లాడి ట్యాబ్‌లో మాటలు ఎక్కించాలి, టీచరుకి నేర్పాలి, ఇంట్లోవాళ్లకి నేర్పాలి, పాఠం మారినప్పుడల్లా పేజీలు మార్చాలి.

ఎవరితో పోల్చాలి

కేసుని నిలబెట్టింది డైరీ అయితే, గెలిపించింది పోలిక. దీనికి నాకు దారి చూపించింది మా వృత్తిలోనే జరిగిన ఒక పాత కేసు. స్పీచ్ థెరపిస్టులు చాలామందికి ఆ పేరే తెలియదు. తెలియాలి.

1986లో ఇంగ్లండ్‌లో పమేలా ఎండర్బీ అనే స్పీచ్ థెరపిస్ట్, తాను పనిచేస్తున్న ఫ్రెన్‌చే ఆరోగ్య సంస్థ మీద కేసు వేశారు. ఆవిడ స్థాయి స్పీచ్ థెరపిస్టుకి ఏడాదికి 10,106 పౌండ్లు. దానికి సమానమైన హోదాలో ఉన్న క్లినికల్ సైకాలజిస్టుకి 12,527, ఫార్మసిస్టుకి 14,106 పౌండ్లు. మా పని విలువ వాళ్ల పని విలువకి సమానం, మా వృత్తిలో దాదాపు అందరూ ఆడవాళ్లు కాబట్టే జీతం తక్కువ అన్నది ఆవిడ వాదన. జీతాలు వేర్వేరు సంఘాలతో వేర్వేరు చర్చల్లో తేలాయి, ఏ చర్చలోనూ వివక్ష లేదు అన్నది యాజమాన్యం వాదన. కింది ట్రైబ్యునళ్లు యాజమాన్యం మాటే విన్నాయి. కేసు చివరికి యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది.

1993 అక్టోబరు 27న ఆ కోర్టు తీర్పు చెప్పింది. సమాన విలువ ఉన్న రెండు పనుల్లో ఒకటి దాదాపు అంతా ఆడవాళ్లు, ఇంకోటి ఎక్కువగా మగవాళ్లు చేస్తూ, జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా ఉంటే, దానికి న్యాయమైన కారణం చూపించాల్సింది యాజమాన్యమే. చర్చలు విడివిడిగా జరిగాయి అన్నది ఆ కారణంగా చెల్లదు. మనుషులు దొరక్క ఎక్కువ జీతం ఇవ్వాల్సి వచ్చింది అంటే, ఆ కొరత వల్ల పెరిగిన భాగం ఎంతో తేల్చి అంతవరకే ఒప్పుకోవచ్చు.

మా దేశం చట్టం వేరు, మా కేసు కోర్టుకీ వెళ్లలేదు. కానీ ఈ తీర్పు చదివాక ప్రశ్న ఎలా అడగాలో తెలిసింది. 'మాకు పెంచండి' అని కాదు, 'మా పని విలువ ఏ పనితో సమానం? అదైతే తేడా ఎందుకు?' అని అడగాలి. సమాన విలువ ఉన్న పనికి సమాన వేతనం అన్న సూత్రం అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందంలో 1951లోనే ఉంది. 'సమాన పని' అన్న మాట దగ్గరే ఆగిపోతే మాకు పోల్చుకోవడానికి ఎవరూ ఉండరు, ఎందుకంటే బడిలో మా పని చేసేవాళ్లం మేమే. 'సమాన విలువ' అన్న మాట వల్లే దారి దొరుకుతుంది.

విలువ తూచడానికి కూడా మాదిరి ఉంది. బ్రిటన్ ఆరోగ్య సేవలో 2004 నుంచి వచ్చిన 'అజెండా ఫర్ ఛేంజ్' విధానంలో ప్రతి ఉద్యోగాన్నీ 16 అంశాల మీద అంచనా వేస్తారు. మేం అందులోంచి మా బడులకి సరిపోయే ఏడు తీసుకున్నాం: చదువూ లైసెన్సూ కలిపి ఒకటి, సమస్యని విడదీసి చూసే నేర్పు, సొంతంగా నిర్ణయం తీసుకునే బాధ్యత, క్లిష్టమైన విషయం చెప్పగలగడం, పరికరాల బాధ్యత, మనసు మీద పడే భారం, పని చేసే చోటు. మార్కులు మేమే వేసుకోలేదు. ఇద్దరు థెరపిస్టులు, ఇద్దరు టీచర్లు, సైకాలజిస్ట్, సిబ్బంది వ్యవహారాల అధికారి, ఆరుగురూ కూర్చుని వేశారు. ఆ అధికారిని మొదటిరోజు నుంచే కూర్చోబెట్టడం మేం చేసిన మంచి పనుల్లో ఒకటి. తర్వాత ఆ మార్కుల్ని కాదనడం యాజమాన్యానికి కష్టమైంది.

రెండో అంశం దగ్గర చర్చ ఎక్కువసేపు నడిచింది. "పిల్లాడు మాట వినడు అని మేం పంపిస్తాం, మీరు థెరపీ చేస్తారు. ఇందులో విడదీసి చూసేది ఏముంది?" అని ఒక టీచరు నిజాయితీగానే అడిగారు. అప్పుడు ఒక పిల్లాడి దారి మొత్తం చెప్పాను. ముందు 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్‌తో స్క్రీనింగ్. అందులో తప్పితే టింపనోమెట్రీ, అంటే కర్ణభేరి ఎలా కదులుతోందో గీతగా చూపించే పరీక్ష. గీత చదునుగా వస్తే కర్ణభేరి వెనక ద్రవం చేరి ఉండవచ్చు, డాక్టరు దగ్గరికి పంపాలి. చెవి బాగుంటే మాట అర్థమవుతోందా లేదా చూడాలి. భాష ఎదుగుదలలో లోపం 100 మందిలో దాదాపు ఏడుగురికి ఉంటుంది, చాలామందిని బద్ధకస్తులనో మొండివాళ్లనో అనుకుంటారు. అదీ కాకపోతే తరగతి గదిలోనే గోల ఎక్కువేమో కొలవాలి. ఖాళీ గదిలో శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని, ప్రతిధ్వని 0.6 సెకన్లు దాటకూడదని అమెరికా ప్రమాణం ఒకటి ఉంది. మా గదుల్లో సగం దాని దరిదాపుల్లో కూడా లేవు. ఇన్ని దారుల్లో ఏది అన్నది తేల్చడమే అసలు పని, థెరపీ దాని తర్వాత.

ఆయన కాసేపు ఆలోచించి, "మేడమ్, ఇదంతా మీరు మాకు ఇదివరకే చెప్పాల్సింది" అన్నారు. నిజమే.

మార్కులు కూడితే మేమూ పీజీ టీచర్లూ దాదాపు ఒకే చోట తేలాం. ఒక తరగతిని మొత్తం నడిపించడం, పరీక్షా ఫలితాల బాధ్యత వాళ్లకి ఎక్కువ. సమస్య కనిపెట్టడం, పరికరాలు, తల్లిదండ్రులకి కష్టమైన కబురు చెప్పడం మాకు ఎక్కువ. సైకాలజిస్టుతో పోలిస్తే ఏడింటిలో ఐదు సమానం, రెండింటిలో ఆయనకి కాస్త ఎక్కువ.

టీచర్లకి ఇంకో టెన్షన్ కూడా ఉండేది. మా జీతం పెంచితే వాళ్ల ఇంక్రిమెంట్ల డబ్బులోంచే ఇస్తారేమోనని. అది వాళ్లు బయటికి అనకముందే మేమే ఎత్తాం, వాళ్ల బడ్జెట్ నుంచి తీయకూడదని మా కోరికల్లోనే రాశాం. ఇది రాయకపోతే మార్కులు వేసే రోజు ఆ ఇద్దరు టీచర్లు అంత తెరిచిన మనసుతో కూర్చునేవారు కాదని నా నమ్మకం.

చర్చలు

నాలుగుసార్లు కూర్చున్నాం. అకౌంట్స్ అధికారి మూడు మాటలు అన్నారు. ఆసుపత్రిలో ఎక్కువ ఇస్తే వెళ్లినవాళ్లని వెళ్లనివ్వండి. మీకిస్తే రేపు అందరూ అడుగుతారు. డబ్బు లేదు.

మొదటిదానికి జవాబు ఆయన లెక్కల పుస్తకంలోనే ఉంది. ఆడియాలజిస్ట్ పోస్టు ఐదు నెలలు ఖాళీగా ఉంది. ఆ ఐదు నెలల్లో బయట చేయించిన పరీక్షల బిల్లులు, మూడుసార్లు ఇచ్చిన ప్రకటనలు, స్క్రీనింగ్‌కి మళ్లించిన థెరపిస్టుల గంటలు కలిపితే, ఆ పోస్టుకి మేం అడుగుతున్న ఏడాది తేడా కంటే ఎక్కువే అయింది. ఈ లెక్క ఆయన చేతే వేయించాం. మేం వేసి చూపిస్తే అంత పనిచేసేది కాదు.

రెండోదానికి మార్కుల పద్ధతే జవాబు. అడిగినవాళ్లందరికీ ఇవ్వమని మేం అనలేదు, ఎవరి పనినైనా ఇలాగే తూచి చూడమన్నాం. ల్యాబ్ సహాయకులు కూడా తర్వాత అడిగారు. అడగాలి కూడా.

మూడోదానికి రెండేళ్ల గడువు ఇచ్చాం.

మధ్యలో యాజమాన్యం ఇంకో దారి పెట్టింది. బేసిక్ కదపకుండా, లైసెన్సు ఉన్నందుకు నెలకింత 'ప్రత్యేక అలవెన్సు' ఇస్తామన్నారు. మాలో ముగ్గురు వెంటనే ఒప్పుకుందామన్నారు, ఎందుకంటే డబ్బు వచ్చే నెల నుంచే వస్తుంది. ఇలాంటి అలవెన్సులు చెడ్డవేమీ కావు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, ఆషా క్లినికల్ సర్టిఫికెట్ ఉన్న బడి థెరపిస్టులకీ ఆడియాలజిస్టులకీ ఏడాదికి 6,000 డాలర్లు అదనంగా ఇస్తుంది, జాతీయ బోర్డు సర్టిఫికెట్ ఉన్న టీచర్లకి ఇచ్చినట్టే. కానీ అక్కడ అది చట్టంలో రాసి ఉంది. మాకు ఇస్తామన్నది ఒక సర్క్యులర్ మీద. బడ్జెట్ బాగాలేని ఏడాది ఇంకో సర్క్యులర్‌తో తీసేయొచ్చు. పైగా రిటైర్మెంటు లెక్కలు, ఇంక్రిమెంట్లు అన్నీ బేసిక్ మీదే వస్తాయి. అలవెన్సు తీసుకుంటే మేం సహాయక సిబ్బంది జాబితాలోనే ఉండిపోతాం, ఇక ముందు అడిగినప్పుడల్లా 'అలవెన్సు ఇస్తున్నాం కదా' అనే మాట వస్తుంది. ఒక సాయంత్రమంతా మాలో మేం వాదించుకుని, వద్దన్నాం. ఇంటి అప్పు నడుస్తున్న సహోద్యోగిని చేత ఆ మాట అనిపించడం నాకు చాలా కష్టంగా అనిపించింది. ఆమె ఒప్పుకోకపోయి ఉంటే మిగిలినవాళ్లం కూడా అలవెన్సుకే సరే అనేవాళ్లం.

వచ్చినవి, రానివి

నాలుగో సమావేశం తర్వాత ఉత్తర్వు వచ్చింది. సహాయక సిబ్బంది జాబితా నుంచి తీసి, పీజీ టీచర్ల స్కేలుకి మార్చారు. మొదటి ఏడాది 71 నుంచి 88కి, రెండో ఏడాది 100కి. ఇంతకుముందు క్లినిక్‌లోనో ఆసుపత్రిలోనో పనిచేసిన అనుభవాన్ని ఐదేళ్ల వరకు లెక్కలోకి తీసుకున్నారు. కొత్తవాళ్లని తెచ్చుకోవడానికి ఈ ఒక్క షరతే ఎక్కువ ఉపయోగపడింది. సెషన్ లెక్క తీసేసి ఇద్దరికీ నెల జీతం, సెలవులు ఇచ్చారు. టైమ్‌టేబుల్లో నేరుగా థెరపీ 55 శాతం దాటకూడదని, ప్రయాణం పనివేళల్లోనే లెక్కించాలని రాశారు. మా డైరీలో 46 ఉంటే 55 ఎలా ఒప్పుకున్నారని కొందరు అడిగారు. ఖాళీ పోస్టు నిండి, రిపోర్టు ఫారాలు కుదిస్తే అంతవరకు వెళ్లొచ్చని లెక్క వేసే ఒప్పుకున్నాం. ఇప్పుడు నడుస్తున్నది 51 దగ్గర.

పాత బకాయిలు రాలేదు. అడిగాం, ఒక్క నెలకి కూడా ఇవ్వలేదు. సెషన్ లెక్కన ఏళ్ల తరబడి నష్టపోయిన ఆ ఇద్దరి విషయంలో ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సైకాలజిస్టుతో తేడా అలాగే ఉంది. లైసెన్సు రెన్యువల్‌కి కావాల్సిన శిక్షణ ఫీజులు సగమే ఇస్తున్నారు. మింగడం కష్టమైన పిల్లలతో చేసే పనికి ప్రమాదం ఎక్కువ, శిక్షణ వేరు. దాన్ని మార్కుల్లో మేం సరిగ్గా పెట్టలేకపోయాం. అది మా లోపం. మా సీనియర్ మేడమ్ ఉత్తర్వు వచ్చిన నాలుగు నెలలకి రిటైరయ్యారు, 100 స్కేలు ఆవిడకి అందలేదు.

కొత్త ఆడియాలజిస్ట్ చేరి ఏడాదిన్నర అయింది. ఆరేళ్లు ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. ఆరు శబ్దాల పరీక్షని ఇప్పుడు ఇంప్లాంటు, మిషన్లు ఉన్న పిల్లల క్లాస్ టీచర్లకి కూడా నేర్పింది, తను లేని రోజు కూడా ఆగకుండా. రెండో తరగతిలో చూసిన ఆ పాప ఇప్పుడు నాలుగులో ఉంది. తన పరీక్ష తనే చేయించుకుంటుంది, ఉదయం బ్యాగు పెట్టగానే టీచరు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడుతుంది.

వచ్చే నెల మళ్లీ పది రోజుల డైరీ మొదలుపెడుతున్నాం. ఈసారి గడుల్లో తిండి, మింగడం పనికి వేరే వరస పెట్టాం. సైకాలజిస్ట్ కూడా తన డైరీ రాస్తానన్నారు, పోల్చడానికి.